చదును పురుగు తనంతట తాను ఎంత దూరం పోతుంది?

ప్రశ్న: వానలు మొదలయ్యాక మా పూలకుండీల కింద తల సుత్తిలా, ఒళ్లు రిబ్బనులా ఉన్న జిగట పురుగు కనిపించింది. వానపాములను తినే విదేశీ పురుగు అంటున్నారు. పక్కనే మా బత్తాయి తోట ఉంది. ఎన్నాళ్లలో అంతటా కమ్ముకుంటుంది?
– ఒక రైతు, హాలియా, నల్లగొండ జిల్లా

జవాబు: మీ వర్ణనను బట్టి అది బైపాలియం వర్గపు చదును పురుగు కావచ్చు. దానికి కాళ్లు లేవు. పొట్ట కింద కంటికి కనబడనంత సన్నని వెంట్రుకల్లాంటి శైలికలను ఆడిస్తూ, తాను స్రవించిన జిగురు మీదనే జారుతూ పోతుంది. దీని బంధువులైన ప్లనేరియాలు అనే నీటి చదును పురుగులు సెకనుకు ఒకటి రెండు మిల్లీమీటర్లు సాగుతాయి. అదే లెక్కన ఇది గంటసేపు ఆగకుండా తిన్నగా పోయినా దాటేది మూడున్నర నుంచి ఏడు మీటర్లే. అయితే అది తిన్నగానూ పోదు, ఆగకుండానూ పోదు. ఒంటి తడిని నిలుపుకోలేదు కనుక రాత్రిపూటనో, వాన వెలిసిన చెమ్మలోనో తిరిగి, తెల్లవారేసరికి రాయి కిందో ఆకుల కిందో చేరుతుంది. ఎండాకాలంలో మన చల్క నేలలను దాటడం దానికి దాదాపు అసాధ్యం. డ్రిప్పు తడి, చెట్ల నీడ ఉన్న పాదుల్లో మాత్రం నిలవగలదు.

మరి ఇది ఖండాలు ఎలా దాటింది? మనుషులే దాటించారు. ఆగ్నేయాసియాకు చెందిన బైపాలియం కెవెన్సెను 1878లో శాస్త్రజ్ఞులు తొలిసారి వర్ణించింది లండన్‌లోని క్యూ ఉద్యానవనపు గాజు గృహాల్లో దొరికిన పురుగులను చూసే. న్యూజిలాండ్‌కు చెందిన మరో చదును పురుగు 1963లో బెల్‌ఫాస్ట్‌లో బయటపడింది. సముద్రాలను అవి పాకి దాటలేదు, కుండీ మట్టిలో ప్రయాణించాయి. కాబట్టి మీరు గమనించవలసింది దాని నడకను కాదు, నర్సరీ నుంచి వచ్చే మొక్కల వేరుమట్టిని.

బత్తాయి చెట్టును అది తినదు, నష్టం వానపాములకే. పారతో నరకవద్దు, ఎందుకంటే ఒక్కో ముక్క మళ్లీ పురుగు కాగలదు. ఈ వర్గపు కొన్ని పురుగుల్లో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉన్నట్లు తేలింది కనుక ఉత్త చేతులతో ముట్టుకోకుండా, పుల్లతో ఎత్తి ఉప్పు ఉన్న సంచిలో వేసి మూతి కట్టండి. ఉప్పును నేల మీద మాత్రం చల్లకండి, తోట మట్టి చెడుతుంది. కొత్త కుండీలను కొన్నాళ్లు తోటకు దూరంగా ఉంచి, వాటి అడుగులను రాత్రిపూట టార్చి వేసి చూడండి.