జూన్‌లో న్యూయార్క్‌కి చీకటి ఎప్పుడు పడుతుంది?

అమెరికా నుంచి సెలవుకి విశాఖ వచ్చినప్పుడల్లా ఎంవీపీ కాలనీలో మా ఇంటికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. పిల్లాడికి వీసా వచ్చిందనో, కూతురి పురిటికి అమెరికా వెళ్తున్నామనో. ఈసారి మా వీధి అబ్బాయే ఫోన్ చేశాడు. న్యూయార్క్ పక్కనే ఉన్న జెర్సీ సిటీలో ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది, జూన్ నెలాఖరుకి అమ్మానాన్నల్ని రప్పించుకుంటున్నాడు. "అన్నా, మన్‌హాటన్‌లో సాయంత్రం బస్ టూర్ ఏది తీసుకోమంటావ్? ఏడు గంటలది కాస్త చవగ్గా ఉంది."

ఏడు గంటలది వద్దన్నాను. ఆ పొరపాటు నేను చేసి ఉన్నాను.

మన విశాఖలో ఏడాది పొడుగునా సూర్యాస్తమయం ఇంచుమించు ఐదుంబావుకీ ఆరున్నరకీ మధ్యే. ఏడయ్యేసరికి బీచ్ రోడ్డులో లైట్లు వెలిగిపోతాయి, సముద్రంలో లంగరేసిన ఓడలు వరసగా మెరుస్తుంటాయి. అందుకే సాయంత్రం ఏడు అంటే చీకటే అనుకుంటాం. న్యూయార్క్‌లో ఆ లెక్క పనికిరాదు. డిసెంబరులో నాలుగున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. జూన్ నెలాఖరులో ఎనిమిదిన్నర దాకా అస్తమించడు, ఆ తర్వాత ఇంకో అరగంట వెలుగు ఉంటుంది.

మా అమ్మానాన్న మొదటిసారి వచ్చింది జూన్‌లోనే. పైకప్పు లేని డబుల్ డెక్కర్, ఏడింటి బస్సు ఎక్కించాను. గంటన్నర సేపు ఎండ మొహాన కొడుతూనే ఉంది. "లైట్లు చూపిస్తానన్నావు, ఏవిరా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. బస్సు దిగి, రాత్రి భోజనం టైముకి న్యూజెర్సీలో ఎడిసన్ చేరాలని నడుస్తున్నాం. పెన్ స్టేషన్ మెట్ల దగ్గరికి వచ్చేసరికి వెనకాల ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ వెలిగింది. అమ్మ ఆగి తలెత్తి చూస్తోంది. ట్రైన్ తప్పిపోతుందని చెయ్యి పట్టుకుని నేనే లోపలికి తీసుకుపోయాను. ఆ సంగతి తల్చుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కాబట్టి టికెట్ ధర చూసేముందు, మీరు వెళ్లే రోజున సూర్యాస్తమయం ఎన్నింటికో ఫోన్‌లో చూసుకోండి. దానికి ఓ అరగంట ముందు బయల్దేరే బస్సు దొరికితే అదే మంచిది. కాస్త వెలుగులో వీధులు కనిపిస్తాయి, తిరిగొచ్చేసరికి ఊరంతా లైట్లే. జూన్‌లో అయితే ఎనిమిదింటిది చూడండి. మరీ ఆలస్యమైనదీ వద్దు, పెద్దవాళ్లకి నిద్ర ముంచుకొస్తుంది. వాళ్ల భోజనం వేళ కూడా దాటిపోతుంది కాబట్టి సంచిలో రెండు చపాతీలు, నీళ్లు, షుగర్ మాత్రలు తప్పకుండా ఉండాలి.

తర్వాత అడగాల్సింది, మధ్యలో దిగనిస్తారా అని. పగటి టికెట్లకి నచ్చిన చోట దిగి మళ్లీ ఎక్కే వీలుంటుంది. రాత్రి టూర్లలో చాలావాటికి అది ఉండదు, ఎక్కితే చివరిదాకా కూర్చోవడమే. బస్సులో బాత్రూమ్ ఉండదు. ఎక్కేముందే గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లోనో, పోర్ట్ అథారిటీ బస్ టెర్మినల్‌లోనో పని చూసుకుని రండి. మా నాన్నగారు ఇబ్బందిపడ్డారు కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

దారి కూడా అడగండి. టైమ్స్ స్క్వేర్ చుట్టూ తిప్పి తెచ్చేసేదానికంటే మన్‌హాటన్ బ్రిడ్జి మీదుగా బ్రూక్లిన్ వెళ్లొచ్చేది నాకు నచ్చుతుంది. ఊరి అందమంతా ఆ వంతెన మీదే ఉంది. వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చుంటే, 1883లో కట్టిన బ్రూక్లిన్ బ్రిడ్జి, దాని వెనక మన్‌హాటన్ దక్షిణపు కొసన ఉన్న మేడలన్నీ ఒక్కసారిగా కనిపిస్తాయి. కానీ అక్కడ గాలి మామూలుగా ఉండదు. రెండోసారి సరైన టైము చూసుకుని తీసుకెళ్లినప్పుడు అమ్మ కొంగు చెవుల చుట్టూ తిప్పి గడ్డం కింద ముడేసుకుంది. చేతులు వణుకుతున్నాయి, కళ్లు మాత్రం లైట్ల మీదే. జూన్ అయినా ఒక శాలువా, మంకీ క్యాప్ పట్టుకెళ్లండి.

టైమ్స్ స్క్వేర్‌లో రంగు జాకెట్లు వేసుకుని టికెట్లు అమ్మేవాళ్లు మీదమీదకి వస్తారు. తొందరపడకండి. బస్సు ఏ వీధి మూల నుంచి ఎన్నింటికి బయల్దేరుతుంది, వాన పడితే డబ్బు వాపసు ఇస్తారా, గైడ్ ఉంటాడా లేక రికార్డింగేనా అని అడిగి, ఆ మాటలు టికెట్ మీద ఉన్నాయో లేదో చదువుకోండి. వీలైతే మంగళ, బుధవారాలు చూసుకోండి. శని, ఆదివారాల రద్దీలో సగం టూరు ట్రాఫిక్‌లోనే గడిచిపోతుంది.

మోకాళ్ల నొప్పులున్నవాళ్ల సంగతి ఇక్కడే, విశాఖలోనే తేల్చుకోవచ్చు. బీచ్ రోడ్డులో ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా పైకప్పు లేని డబుల్ డెక్కర్ బస్సులు 2025లో వచ్చాయి కదా. అమ్మానాన్నల్ని ఒక సాయంత్రం అందులో మేడ మీదకి ఎక్కించండి. ఇరుకు మెట్లు ఎక్కగలరో లేదో, ఎదురుగాలికి చెవి పోటు వస్తుందో లేదో తెలిసిపోతుంది.

మెట్లు ఎక్కలేమంటే దిగులేం వద్దు. మన్‌హాటన్ దక్షిణ కొసన స్టేటెన్ ఐలాండ్ ఫెర్రీ ఉంది. రాత్రీ పగలూ తిరుగుతుంది, టికెట్ లేదు, ఒకవైపు 25 నిమిషాలు. లోపల కూర్చోవచ్చు, బాత్రూమ్ ఉంటుంది. వెళ్లేటప్పుడు కుడివైపు ఉంటే స్టాట్యూ ఆఫ్ లిబర్టీ బస్సులోంచి కంటే ఎంతో దగ్గరగా కనిపిస్తుంది. అవతల అందరూ దిగి మళ్లీ లైన్లో ఎక్కాలి, అదొక్కటే శ్రమ.

మా వీధి అబ్బాయి మంగళవారం ఎనిమిదింటి బస్సుకి బుక్ చేశాడు. వాళ్ల అమ్మానాన్న ఈ ఆదివారం తొట్లకొండ బస్సెక్కుతున్నారు. పిన్నిగారికి శాలువా మా అమ్మదే ఇచ్చాం.