గంట దొరుకుతుంది, కథ మూడో పేజీ దాటదు

ప్రశ్న: బడిలో ఉద్యోగం. తెల్లవారుజామున 5 నుంచి 6 దాకా గంట నాది. ముందు రాసిందంతా చదువుతాను, రెండు మాటలు మారుస్తాను, ఇంతలో ఫోన్ చేతిలోకి వస్తుంది. బోరు పడని రైతు కథ నెలన్నరగా మూడో పేజీలోనే ఉంది. మనసు నిలవాలంటే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: లోపం మీ మనసులో లేదమ్మా. తర్వాతి వాక్యం ఏమిటో తెలియకుండా కూర్చుంటే ఎవరి చేయైనా ఫోన్ మీదికే పోతుంది. అందుకే రేపటి పనిని ఈ రోజే సిద్ధం చేసి లేవాలి. 5.50కి రాయడం ఆపండి. రాయాల్సింది ఇంకా మిగిలి ఉంటే మరీ మంచిది. ఆ పది నిమిషాల్లో పేజీ అడుగున మూడు సంగతులు పెట్టండి: ఎవరు ఎక్కడున్నారు, ఎవరికి ఏం కావాలి, మొదట నోరు విప్పేది ఎవరు.

‘తర్వాత రైతు బాధ చూపాలి’ అని రాసుకుంటే తెల్లారి పనికిరాదు. ఆ బాధ ఎక్కడ మొదలవుతుందో అందులో లేదు. ఇలా రాసుకోండి: ‘రిగ్గు ఆగింది. పైకొచ్చిన బూడిదరంగు పొడిలో తడి లేదు. యాదయ్య దాన్ని పిడికిట్లో పిసుకుతున్నాడు, ముద్ద కావడం లేదు. డ్రైవర్ ఫీట్ల లెక్క చెప్తున్నాడు. భార్య అంటుంది: ఇంకో యాభై ఫీట్లు పోనిద్దామా?’ ఇక పొద్దున లేచి ఆమెకు యాదయ్య చెప్పే జవాబు రాయడమే మీ పని.

కూర్చోగానే చివరి ఐదారు వరుసలు మాత్రమే చదవండి. మొదటి పేజీ దిద్దుతుంటే రాస్తున్నట్టే అనిపిస్తుంది, కథ మాత్రం అంగుళం కదలదు. పైగా ముగింపు తెలిశాక ఆ పేజీ ఎలాగూ మారుతుంది. పూర్తయిన పేజీలను కవరులో పెట్టి బీరువాలో వేయండి.

ఫోన్ వంటింట్లో చార్జింగుకు పెట్టి, అలారానికి చిన్న గడియారం కొనుక్కోండి. ఫోన్‌లోనే టైప్ చేసేవారైతే రాత్రే ఫ్లైట్ మోడ్ పెట్టి పడుకోవాలి, అలారం ఎలాగూ మోగుతుంది. పొద్దున పెడదామనుకుంటే అప్పటికే వాట్సాప్ కంటబడుతుంది.

ఎంత రాయాలన్నది ఇంకో చిక్కు. తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ నవలలు రాసిన ఆంథనీ ట్రాలోప్ పొద్దున 5.30కే బల్ల దగ్గర ఉండేవాడు, గడియారం ఎదురుగా పెట్టుకుని 15 నిమిషాలకు 250 మాటలు రాసేవాడు. ఆయన వేళ తీసుకోండి, ఆ అంకె వద్దు. ‘రాయలేకపోయానని’ మనకు ఒక్క మాట, ఇంగ్లిషులో నాలుగైదు. మాటలు కాకుండా వరుసలు లెక్కపెట్టండి. గీతల లాంగ్ నోట్‌బుక్‌లో గంటకు ముప్పావు పేజీ వస్తే చాలు.

ప్రశ్న: 1994లో బొంబాయికి వలస పోయిన కుటుంబం మీద నవల రాస్తున్నాను. కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఎంత ఇచ్చేవాడు, బస్సు ఎన్ని గంటలకు బయలుదేరేది... ఇలా ఒక్కోటి వెతకడానికి లేస్తే ఆ పూట రాత ఉండదు.
– ఒక పాఠకుడు, నారాయణపేట

జవాబు: తెలియని చోట సున్నా చుట్టి ముందుకు పొండి. ‘మేస్త్రీ ◯ రూపాయలు చేతిలో పెట్టాడు.’ నోట్‌బుక్ వెనక పేజీలో పేజీ నంబరు, ప్రశ్న రాయండి. ఆదివారం రెండు గంటలు ఆ జాబితాకే. అప్పట్లో పోయొచ్చిన పెద్దలను పది ప్రశ్నలతో ఒక్కసారే కలవొచ్చు, వాళ్ల టైమూ మిగులుతుంది.

అన్నిటికీ సున్నా చుట్టడం మాత్రం కుదరదు. కథ నడకను మార్చే సంగతిని ముందే తేల్చుకోవాలి. మీ కుటుంబం పీర్ల పండుగకు ఊరొస్తుందనుకుందాం. అది చాంద్రమాన పండుగ, ఏటా సుమారు 11 రోజులు ముందే వస్తుంది. 1994లో జూన్‌లో పడింది, అంటే మృగశిర కార్తె విత్తనాల వేళ. మీరు పండుగనాడు చేలో పత్తి ఏరించి, ఆ కూలి డబ్బుల మీద గొడవ అల్లితే, తర్వాత దిద్దాల్సింది ఒక వాక్యం కాదు, అధ్యాయాలకు అధ్యాయాలు. అడ్వాన్సు మొత్తం తప్పయితే ఒక్క అంకె మారుతుంది, అంతే. లేవాలనిపించినప్పుడల్లా ‘ఇది తప్పయితే ఎన్ని పేజీలు కూలుతాయి?’ అని అడగండి. ఒక్క వాక్యమే అయితే లేవకండి.

ప్రశ్న: గడియారం సెంటర్ దగ్గర కిరాణం షాపు. గిరాకీ మధ్య పది నిమిషాలు ఖాళీ దొరుకుతుంది గానీ కథ సాగదు.
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: ఆ పది నిమిషాల్లో కొత్త పేజీ రాయకండి. సన్నివేశంలోకి పోయేసరికే ఎవరో వచ్చి కందిపప్పు అడుగుతారు. రెండుసార్లు అలా తెగితే కథ మీదే విసుగు పుడుతుంది. కొత్త రాతకు షాపు తెరవక ముందు 40 నిమిషాలు, వారానికి మూడు రోజులైనా పెట్టుకోండి. షాపులోకి ఆ పొద్దున రాసిన పేజీని మడిచి జేబులో తెచ్చుకోండి. మధ్యలో ఆగినా చెడని పనులు దాని మీద చేయండి: సంభాషణలు నోట్లో గొణిగి చూడటం, తడబడిన చోట గీత పెట్టడం. ‘అని కోపంగా అన్నాడు’ ఉన్న ప్రతిచోటా ‘కోపంగా’ కొట్టేసి చదవండి. కోపం వినబడకపోతే మార్చాల్సింది అతను అన్న మాటను.