మీ ప్రకటనకు సరిపోయే మనిషి డోన్‌లో ఉన్నాడు

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. హైదరాబాద్‌లో సొంతిల్లు, కారు ఉన్నాయి. నా కారులో ఇక్కడి నుంచి శ్రీనగర్ దాకా రోడ్డు మీద వెళ్లిరావాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, అంతసేపు కూర్చోలేదు. ‘మంచి తోడు దొరికితే వెళ్లండి’ అంది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి విమానంలో వెళ్లమంటున్నాడు. వస్తామన్న స్నేహితుల్లో ఒకాయన కూతురి పురుడని, ఇంకొకాయన షుగరని తప్పుకున్నారు. ఆన్‌లైన్ గ్రూపుల్లో తోడు కావాలని ప్రకటన పెడదామనుకుంటున్నాను. ముక్కూమొహం తెలియని మనిషితో అన్ని రోజులు ప్రయాణం మంచిదేనా? ఖర్చులు ఎలా పంచుకోవాలి?

జవాబు: అడిగినదానికి ముందు చెప్పేస్తాను, దానికి ఎంతోసేపు పట్టదు. తెలియని వాళ్లతో వెళ్లొచ్చు, చాలామంది వెళుతున్నారు. మనిషిని ఎంచుకున్నాక నేరుగా శ్రీనగర్‌కు బయల్దేరకండి. ముందు శ్రీశైలానికో, ఇంకెక్కడికో రెండు రోజులు కలిసి వెళ్లిరండి. ఒక మనిషి హోటల్ సర్వర్‌తో ఎలా మాట్లాడతాడో, టోల్ గేటు దగ్గర క్యూ కదలకపోతే ఏం చేస్తాడో ఆ రెండు రోజుల్లోనే తెలుస్తుంది. ఆయన ఆధార్, లైసెన్స్ కాపీలు మీ ఆవిడ దగ్గర ఉంచండి. డీజిల్, టోల్, గదుల లెక్క బయల్దేరక ముందే కాగితం మీద రాసుకోండి. మీ కారు ఇన్సూరెన్స్‌లో మామూలుగా ఉండే ప్రమాద బీమా యజమానిగా బండి నడిపే మీకే వర్తిస్తుంది, పక్కన కూర్చున్నవాళ్లకు విడిగా తీసుకోవాలి. మీ లైసెన్స్ తేదీ కూడా చూసుకోండి. 55 దాటాక రెన్యువల్ ఐదేళ్లకే ఇస్తారు, దానికి డాక్టరు సర్టిఫికెట్ కావాలి. చీకటి పడ్డాక బండి నడపకండి. జమ్మూ దాటాక రాంబన్ దగ్గర వానలకు కొండచరియలు పడి రోడ్డు మూసేస్తుంటారు, కాబట్టి చేతిలో రెండు మూడు రోజులు ఎక్కువే పెట్టుకోండి. మీ ప్రశ్న అంతవరకే.

ఇక అసలు సంగతికి వద్దాం. మీ ఉత్తరం నాలుగు పేజీలు. పైన వేసింది అందులో పావు వంతు కూడా కాదు. పెట్టాలనుకున్న ప్రకటనను మూడో పేజీలో మీరే రాసి పంపారు. ‘హిందీ బాగా రావాలి. టైరు మార్చడం రావాలి. ఘాట్ రోడ్డంటే భయం ఉండకూడదు. మందు అలవాటు ఉండకూడదు. తెల్లవారుజామున లేచేవాళ్లయితే మంచిది. ఎక్కడ ఏం దొరికితే అది తినాలి. కాస్త చదువుకున్నవాళ్లై ఉండాలి.’ మొత్తం ఏడు అర్హతలు.

రెండో పేజీలోనే, ఈ రోడ్డంటే మీకెందుకంత ఇష్టమో చెబుతూ మీ అన్న గురించి రాశారు. మీకంటే ఆరేళ్లు పెద్ద. 30 ఏళ్లకు పైగా లారీ తోలాడు. పోతూ బేతంచర్ల నాపబండలు, వస్తూ నాగపూర్ కమలాలు. ఒక్కోసారి కాశీ దాకా లోడు. ఇప్పుడు అందులో చాలా భాగాన్ని 44వ నంబరు జాతీయ రహదారి అంటున్నాం కానీ అప్పుడది ఏడో నంబరు రోడ్డు, కాశీలో మొదలై నాగపూర్, హైదరాబాద్, కర్నూలు, బెంగళూరు మీదుగా కన్యాకుమారికి పోయేది. మీ అన్న ఆ రోడ్డు మీదే హిందీ నేర్చుకున్నాడని, చుక్క ముట్టడని, నాలుగింటికల్లా లేస్తాడని మీరే రాశారు. 1979లో మీరు పదో తరగతి పరీక్షలు రాశాక మిమ్మల్ని లారీ ఎక్కించుకుని నాగపూర్ తీసుకెళ్లాడు. నిర్మల్ ఘాట్ వచ్చేసరికి అర్ధరాత్రి అయింది. మీరు సీటు పైనున్న పలక మీద పడుకుంటే, మలుపుల్లో దొర్లి కింద పడతారని తన తువ్వాలు తీసి మీ నడుముకు, పలక కమ్మీకి కలిపి ముడేశాడు. ఆ తువ్వాలుకు డీజిల్ వాసన వచ్చేదని కూడా రాశారు. 46 ఏళ్లయినా ఆ వాసన మీకు గుర్తుంది. ఆ లోడు కిరాయితోనే మీ ఇంటర్ ఫీజు కట్టాడు.

మీ ఏడు అర్హతల్లో ఆరు మీ అన్నను ఎదురుగా నిలబెట్టుకుని రాసినట్టున్నాయి. ఏడోది, చదువు, ఆయనకు లేదు. ఎందుకు లేదో నేను మీకు చెప్పనక్కర్లేదు.

ఇంతా రాసి, ఆయనతో తొమ్మిదేళ్లుగా మాటల్లేవని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ‘డోన్‌లో నాన్న ఇల్లు పంచుకునే దగ్గర మాటామాటా వచ్చింది.’ అంతే. ఆ వెంటనే కారు టైర్ల సంగతికి వెళ్లిపోయారు.

నేను ఈ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. గొడవ ఇంటి దగ్గర రాలేదు. ఎక్కడ వచ్చిందో నాలుగో పేజీలో ఉంది, మీ అమ్మాయి పెళ్లి ముచ్చట్ల మధ్యలో. విడిది దగ్గర మగపెళ్లివారి పెద్దాయన ‘పెదనాన్నగారు ఏం చేస్తుంటారు?’ అనడిగితే మీరు ‘బేతంచర్ల దగ్గర మైనింగ్ బిజినెస్ అండీ’ అన్నారు. అప్పుడు మీ అన్న మీ వెనకే, మంచినీళ్ల సీసాల కేసు భుజాన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మీరు తిరిగి చూసేసరికి కేసు కింద పెట్టి వెళ్లిపోతున్నాడు. ‘ఆ రోజు అన్న భోజనం కూడా చేయకుండా వెళ్లిపోయాడు, ఆయన కోపం అలాంటిది’ అని రాశారు. నెల తిరక్కుండా ఇంట్లో తన వాటా తనకు తేల్చమని కబురు పెట్టాడు. ఈ రెండు సంగతుల మధ్య ఉత్తరంలో ఒకటిన్నర పేజీ దూరం పెట్టారు మీరు. మీ మనసులో కూడా అంతే దూరం పెట్టుకుని ఉంటారు.

ఆయనకు కావాల్సింది ఆ పాత మిద్దెలో సగం అనుకుంటున్నారా? అప్పటిదాకా 20 ఏళ్లపాటు అడగని వాటా అది. తమ్ముడి ఇంటి పెళ్లిలో తనకు చోటు లేదని తేలాక, ఉన్న చోటేదో కొలిపించుకోవాలనిపించింది. నాకు అలాగే అర్థమైంది. మీ అన్న కూడా తక్కువ తినలేదు, నిజమే. నడివీధిలో నిలబడి మిమ్మల్ని అనరాని మాటలన్నాడని, మీ ఆవిడ ఏడ్చిందని రాశారు. అది తప్పే. కానీ ఉత్తరం రాసింది మీరు, ఆయన కాదు. కాబట్టి మీ వంతు సంగతే మాట్లాడతాను.

మీ మీద రాయి వేసే హక్కు నాకు లేదు. మా పెద్దమ్మ ఒక హాస్టల్లో వంట చేసేది. నేను చదువుకునే రోజుల్లో నా ఫీజులు కొన్ని ఆమె జీతంలోంచే వచ్చాయి. ఉద్యోగంలో చేరాక ఆఫీసులో ఎవరడిగినా ‘మా పెద్దమ్మ హాస్టల్ వార్డెన్’ అనేదాన్ని. ఒకసారి ఆమె ముందే అన్నాను. ఆమె ఏమీ అనలేదు, పైగా ఆ రోజు నాకు ఇష్టమని గుత్తివంకాయ చేసింది. 2009లో పోయింది. అప్పుడు విన్నదో లేదో ఇప్పుడు ఎవరిని అడగను? మీ అన్న డోన్‌లో ఉన్నాడు. అదృష్టవంతులు.

మీరు ఇప్పుడు ఏం చేస్తారో నేను ఊహించగలను. ఇది చదివి ఉత్సాహంగా ఫోన్ తీసి, ‘అన్నా, కాశ్మీర్ పోదాం వస్తావా?’ అంటారు. ఆ పని చేయకండి. తొమ్మిదేళ్ల తర్వాత తమ్ముడు ఫోన్ చేసి కారు ప్రయాణానికి రమ్మంటే ఆయనకు ఒకటే వినిపిస్తుంది: వీడికి డ్రైవర్ కావాల్సి వచ్చింది. అదీ నిజమే కదా, మీ స్నేహితులిద్దరూ తప్పుకున్నాకే కదా మీరు నాకు రాసింది. పెళ్లిలో ఆయన లారీ దాచి పెట్టారు, ఇప్పుడు ఆ లారీ అనుభవం మీకు పనికొస్తుందని పిలుస్తారు. రెండూ ఒక్కటే.

అందుకని ముందు ప్రయాణం సంగతి పూర్తిగా పక్కన పెట్టండి. కాచిగూడలో రైలెక్కి డోన్ వెళ్లండి, మీ ఆవిడను కూడా తీసుకెళ్లండి. రైల్లో అయితే ఆమె మోకాళ్లకు ఇబ్బంది ఉండదు, లేచి నాలుగడుగులు వేయొచ్చు. ముందుగా చెప్పి వెళ్లకండి, చెబితే ఆయన ఆ రోజు ఊళ్లో ఉండడు. వదినగారి చేతికి పూలూ పళ్లూ ఇచ్చి కూర్చోండి. ఆమె మంచినీళ్లు ఇవ్వకపోతే అడిగి తాగండి. ఆ తర్వాత చెప్పాల్సింది ఒక్క మాటే. ‘అన్నా, పెళ్లిలో నువ్వు లారీ తోలతావని చెప్పడానికి సిగ్గుపడ్డాను. తప్పు నాది.’ దీని తర్వాత ‘కానీ’ అనొద్దు. ‘ఆ పరిస్థితిలో’ అనొద్దు. మగపెళ్లివాళ్లు ఎలాంటివాళ్లో వివరించొద్దు. ఇంటి వాటా మాట ఆ రోజు ఎత్తొద్దు, ఆయన ఎత్తితే మాత్రం ‘నీ ఇష్టం అన్నా’ అనండి. అలా అనలేకపోతే అసలు వెళ్లకండి. ఆ మిద్దెలో మీ సగం ఎంత చేస్తుందో నాకు తెలియదు, కానీ మీ పెన్షన్, హైదరాబాద్ ఇల్లు చూస్తే అది లేకపోతే మీకు పూట గడవదని మాత్రం అనిపించడం లేదు.

ఆయన లేచి లోపలికి వెళ్లిపోవచ్చు. తిట్టొచ్చు. తిడితే మంచిదే, వినండి. ఏమీ మాట్లాడకపోతే భోజనం వేళ దాకా కూర్చుని, పెడితే తిని, పెట్టకపోతే వచ్చేయండి. సంక్రాంతికి మళ్లీ వెళ్లండి. మూడోసారి మీ అమ్మాయిని, అల్లుణ్ని తీసుకెళ్లండి. ‘మా అన్న లారీ డ్రైవర్’ అని ఆ అబ్బాయికి మీ నోటితో చెప్పాకే తీసుకెళ్లండి. అన్నిటికంటే కష్టమైన పని ఇదే. మీరు దీన్నే వాయిదా వేస్తారని కూడా నాకు తెలుసు.

మాటలు కలిసి, రాకపోకలు మొదలయ్యాక, ఆయనంతట ఆయన ‘ఇప్పుడు ఆ రోడ్డు ఎలా ఉందిరా’ అని అడిగితే అప్పుడు రోడ్డు సంగతి చెప్పండి. ఆయన చూడనివి చాలా వచ్చాయి. నాగపూర్ దాటాక పెంచ్ అడవిలో పులులూ జింకలూ కింద నుంచి దాటిపోవడానికి రోడ్డునే పైకి ఎత్తి కట్టారు. జమ్మూ దాటాక చెనానీ నుంచి నాశ్రీకి కొండ కింద తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు సొరంగం 2017లో తెరిచారు. రోజుల తరబడి ఫస్టు గేరులో కొండలెక్కిన మనిషికి ఇవి చెబితే నమ్మడు, చూస్తానంటాడు.

వస్తానన్నా కొన్ని గుర్తుంచుకోండి. స్టీరింగ్ మీరు పట్టుకోండి. ఆయనకు 68 ఏళ్లు, కళ్లలో శుక్లాలున్నాయో, బీపీ ఉందో, రాత్రిళ్లు నిద్ర పడుతుందో లేదో ఈ తొమ్మిదేళ్లలో ఏ ఒక్కటీ మీకు తెలియదు. ముందు డాక్టరుకు చూపించండి, మీరూ చూపించుకోండి. ప్రకటనలో ‘అవసరమైతే ఖర్చంతా నాదే, రోజుకు కొంత ఇస్తాను’ అని రాశారు చూడండి, ఆ మాట ఆయన దగ్గర పొరపాటున కూడా రాకూడదు. డాబాలో టీ డబ్బులు ఆయన ఇస్తే ఇవ్వనివ్వండి. మీ లెక్క పుస్తకం ఇంట్లో పెట్టి వెళ్లండి. ఎక్కడ ఆగుదామంటే అక్కడ ఆగండి. శ్రీనగర్ వద్దు, నాగపూర్ దాటాక కాశీ వైపు తిప్పమంటే తిప్పండి. ఆయనకు తెలిసిన రోడ్డు అది. దాల్ సరస్సు ఎక్కడికీ పోదు.

ఇదంతా జరగడానికి ఏడాది పట్టొచ్చు, అసలు జరగకపోనూవచ్చు. అప్పుడు మీ ప్రకటన పెట్టుకోండి, దొరికినవాళ్లతో వెళ్లిరండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఒక్కటి మాత్రం మార్చండి. ఆ ఏడో అర్హత కొట్టేయండి.

డోన్‌కు మాత్రం వచ్చే ఆదివారమే బయల్దేరండి. కారు ఇంట్లోనే ఉండనివ్వండి.