కిటికీ గురించి రాసిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. యూరప్ భాషల్లో కిటికీని ఏమంటారో రాయాలని నీకు తోచడమే నాకెంతో సంతోషం. అయితే మూడో పేజీకి వచ్చేసరికి టెన్షన్ పట్టుకుంది. విండో, జర్మన్ ఫెన్‌స్టర్, వెల్ష్ ఫెనెస్టర్, ఐరిష్ ఫిన్యోగ్ దగ్గరదగ్గరగా వినిపిస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకే మాట బిడ్డలని రాసేశావు. నీ వయసులో నేనూ చెవినే నమ్మి ఇలాంటి వ్యాసమే అచ్చు వేయించుకున్నాను. ఇప్పటికీ దాన్ని తలుచుకుంటే బాధగా ఉంటుంది.

మాట చప్పుడు వినేముందు, ఆ ఇంటికి ఎవరు వచ్చారో అడుగు. వేల్స్ ఉన్న బ్రిటన్‌ను రోమన్లు సుమారు నాలుగు వందల ఏళ్ళు ఏలారు. అందుకే వెల్ష్ మాట లాటిన్ 'ఫెనెస్త్రా' నుంచి వచ్చింది. ఐర్లండ్‌కు రోమన్ పాలన రాలేదు, స్కాండినేవియా నుంచి ఓడల్లో వైకింగులు వచ్చారు. 841లో డబ్లిన్‌లో స్థావరం వేసుకున్నారు. ఐరిష్ 'ఫిన్యోగ్' వాళ్ళ 'విండౌగా' నుంచి పుట్టింది. పక్కపక్క దేశాలు, రెండు మాటలకూ మొదట 'ఫ'కారమే, అయినా పుట్టిళ్ళు వేరు. ఫెన్‌స్టర్ వెల్ష్ మాటలాగే లాటిన్ నుంచి, విండో ఐరిష్ మాటలాగే వైకింగుల నుంచి వచ్చాయి.

ఆ విండౌగా దగ్గర ఇంకాస్త నిలబడు. 'విండ్' అంటే గాలి, 'ఔగా' అంటే కన్ను. గాజు పలకలు లేని ఇళ్ళు అవి. పొగ పోవడానికీ వెలుగు రావడానికీ వదిలిన కంత అది. ఆ ఇల్లు నీ పాఠకుడికి కనిపిస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో నువ్వు వివరించనక్కర్లేదు. విండో రాకముందు ఇంగ్లిష్‌లో కిటికీని 'కంటి కంత' అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారు. ఆ పాత మాట పోయింది కానీ అందులోని 'కంత' ఇంకా బతికే ఉంది. ముక్కు రంధ్రాన్ని 'నాస్ట్రిల్' అంటున్నామే, దాని చివర ఉన్నది అదే! నీ వ్యాసంలో ఇది లేకపోవడం నాకు వెలితిగా అనిపించింది.

రష్యన్ 'అక్నో'లోనూ కన్నే ఉంది. స్పానిష్ 'వెంతానా'లో గాలి ఉంది. మన గవాక్షం ఆవు కన్ను, వాతాయనం గాలి దారి. వీటిని చూసి నువ్వు 'వాళ్ళు మన దగ్గర నేర్చుకున్నారు' అని రాసిన వాక్యం మాత్రం కొట్టేయి. కన్ను అనే అర్థమున్న సంస్కృత 'అక్షి', రష్యన్ పాతమాట 'ఓకో' దూరపు చుట్టాలే. కానీ గోడలోని కంతను కన్నుతో పోల్చిందీ ఆ పేరు పెట్టుకున్నదీ ఎవరికి వారే. నాకైతే అప్పు కన్నా అదే పెద్ద వింత.

ఇంకొకటి. 'ఇంగ్లిష్ వాళ్ళకు కిటికీ అంటే నేటికీ గాలికన్నే' అన్నావు. కాదమ్మా. ఏసీ గదిలో తెరుచుకోని గాజుపలకనూ వాళ్ళు విండో అనే అంటారు. పుట్టుక వేరు, వాడుక వేరు. రెండింటినీ కలిపేస్తే పాఠకుణ్ణి తప్పుదారి పట్టించినట్టే.

పోర్చుగీసు 'జనేలా'కు ఒక్క వాక్యమే ఇచ్చావు. లాటిన్‌లో 'యానువా' అంటే తలుపు. దాని చిన్న రూపం నుంచి వచ్చిన జనేలా అంటే చిట్టి తలుపు. ఆ మాట ఓడలెక్కి మన తీరాలకూ వచ్చింది. తమిళంలో జన్నల్, మలయాళంలో జనల్, బెంగాలీలో జానాలా. మూడో పేజీ తీసేసి ఆ చోటంతా దీనికి ఇవ్వు. తిరగరాసి పంపు, వచ్చిన రోజే చదువుతాను.