కింగ్‌డమ్ హార్ట్స్ వరసలో రీ:చైన్ ఆఫ్ మెమొరీస్ ఆడాల్సిందేనా, కట్‌సీన్లు చూసి వదిలేయొచ్చా?

ఆడాల్సిందే. కింగ్‌డమ్ హార్ట్స్ అంటే డిస్నీ పాత్రలు కనిపించే యాక్షన్ వీడియో గేమ్‌ల వరస, ఇది అందులో మొదటి రెండు గేమ్‌ల మధ్య కథ, ఫైటింగ్ అంతా కార్డులతోనే. ఆ కార్డులంటే చిరాకని కూడా రాశారు, ఆ సంగతి తర్వాత చెప్తా. యూట్యూబ్‌లో కట్‌సీన్లు, అంటే మధ్యలో కథ చెప్పే వీడియోలు, చూసేసి కింగ్‌డమ్ హార్ట్స్ 2కి వెళ్లిపొమ్మనే సలహా నాకు అస్సలు నచ్చదు. ఆ సలహా ఇచ్చేవాళ్లలో సగం మంది గేమ్‌లోని కోటలో రెండో అంతస్తు కూడా ఎక్కకుండా పక్కన పడేసిన బాపతేనని నా గట్టి నమ్మకం. పాత గేమ్‌లన్నీ కలిపి అమ్మే 1.5+2.5 కలెక్షన్ తీసి చూడండి. నింటెండో డీఎస్‌లో వచ్చిన 358/2 డేస్, రీ:కోడెడ్ రెండింటినీ, గేమ్ తీసిన స్క్వేర్ ఎనిక్స్ వాళ్లే ఉత్త కట్‌సీన్లుగా మార్చి పెట్టారు, దీన్ని మాత్రం ఆడే గేమ్‌గానే ఉంచారు. చూస్తే సరిపోయే సరుకైతే దీనికీ అదే పని చేసేవాళ్లు కదా? పీఎస్2 రీమేక్ ఎలాగూ రెడీగా ఉంది కాబట్టి ఉంచేశారంతే అని మా ఫ్రెండొకడు అంటాడు. అననివ్వండి.

కథ విషయం రెండు ముక్కల్లో చెప్పేస్తా. మొదటి గేమ్ అయ్యాక హీరో సోరా, డొనాల్డ్, గూఫీ కాజిల్ అబ్లివియన్ అనే కోటలోకి వెళ్తారు. అంతస్తు ఎక్కేకొద్దీ సోరా జ్ఞాపకాలు జారిపోతుంటాయి, వాటి చోట్లోకి నామినే అనే అమ్మాయి వచ్చి కూర్చుంటుంది. ఇదంతా తెలియకుండా రెండోది మొదలుపెడితే నామినే ఎవరో, సోరా ఎందుకు నిద్రపోతున్నాడో అర్థం కాక తల గోక్కోవాలి. అప్పట్లో చాలామందికి జరిగిందీ అదే. చైన్ ఆఫ్ మెమొరీస్ 2004లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద వచ్చింది, పీఎస్2 కొనుక్కున్నవాడి దగ్గర గేమ్‌బాయ్ కూడా ఉండాలని ఎక్కడుంది? అందుకే మొత్తం 3డీలో, మాటలతో సహా, పీఎస్2కి మళ్లీ తయారుచేశారు. జపాన్‌లో 2007, అమెరికాలో 2008. యూరప్‌కి ఆ పీఎస్2 వెర్షన్ రానే లేదు, మన దగ్గర అమ్మిన పీఎస్2లేమో యూరప్ వాళ్లలాగే పాల్ రకం, అమెరికా డిస్కులు వాటిలో ఆడవు. సికింద్రాబాద్‌లో ఒక షాపాయన "అన్నీ ఆడతాయి తమ్ముడూ" అని అమెరికా డిస్క్ నాకు అంటగట్టాడు. ఇంటికెళ్లి పెడితే డిస్క్ చదవనే లేదు, మర్నాడు తిరిగి తీసుకెళ్తే "మీ మిషన్‌లో ప్రాబ్లం" అన్నాడు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు. చివరికి 2013లో పీఎస్3కి హెచ్‌డీ వెర్షన్ వచ్చాక గానీ ఆడటం కుదరలేదు. మీకా బాధ లేదు, 2024 నుంచి స్టీమ్‌లోనే ఉంది.

ఇక మీ అసలు భయం, "కార్డులతో ఫైటింగ్ అంటేనే చిరాకు" అన్నారు కదా, దాని దగ్గరికి వస్తున్నా.

మొన్న సంక్రాంతికి ఊళ్లో మా పిన్ని కొడుకు లాప్‌టాప్‌లో ఇదే ఆడుతూ విక్సెన్ దగ్గర ఇరుక్కుపోయాడు. విక్సెన్ అంటే పెద్ద మంచు డాలు పట్టుకుని తిరిగే బాస్. ఎదురుగా వెళ్లి కొడితే అన్నీ డాలుకే తగులుతాయి, చుట్టూ తిరిగి వెనక నుంచి కొట్టాలి. మావాడు ఎదురుగా నిలబడి బటన్ టకటకా నొక్కుతున్నాడు. డెక్, అంటే వెంట పెట్టుకున్న కార్డుల కట్ట, నిండా కీబ్లేడ్ అనే కత్తితో కొట్టే కార్డులే, అన్నీ ఎనిమిదులూ తొమ్మిదులూ, గాయం మాన్పే క్యూర్ ఒక్కటి లేదు, నిప్పు మంత్రం ఫైర్ ఒక్కటి లేదు. ఓడిపోయిన ప్రతిసారీ "చెత్త గేమ్ అన్నయ్యా" అని, ఆ గేమేదో నేనే తయారుచేసినట్టు నా వైపు చూస్తున్నాడు.

వెనక మంచం మీద మా పెద్దనాన్న పడుకుని ఉన్నారు. పండగ మూడు రోజులూ రమ్మీ ఆడి అలిసిపోయిన మనిషి. స్క్రీన్ మీద కార్డులు కనపడేసరికి లేచి కూర్చున్నారు.

"ఏంట్రా అది, పేకాటా?"

"పేకాట కాదు పెద్దనాన్నా, వీడియో గేమ్."

"మరి ముక్కలెందుకున్నాయి?"

నాకింకేం కావాలి, మొదలుపెట్టాను. కొట్టాలన్నా, మంత్రం వేయాలన్నా, గాయం మాన్పుకోవాలన్నా ఒక కార్డు వేయాలి. ప్రతి కార్డు మీద 0 నుంచి 9 దాకా ఒక నంబరు ఉంటుంది. నువ్వు 5 వేస్తే అవతలివాడు దాని మీద 7 వేశాడనుకో, నీ దెబ్బ మధ్యలోనే విరిగిపోయి సోరా వెనక్కి తూలతాడు. మూడు కార్డులు కలిపి ఒకేసారి వేస్తే స్లైట్, మూడింటి మొత్తమే దాని బలం, కొన్ని కలయికలకి ప్రత్యేకమైన దెబ్బలు వస్తాయి. కాకపోతే అందులో మొదటి కార్డు ఆ ఫైట్ అయ్యేదాకా పోయినట్టే, వాడేసిన కార్డుల్ని మామూలుగా రీలోడ్ చేసి వెనక్కి తెచ్చుకున్నా అది తిరిగి రాదు. ఇక సున్నా ఉందే, దాన్ని ముందు వేస్తే ఎవడైనా కొట్టేస్తాడు. అవతలివాడు వేశాక వేస్తే మాత్రం, వాడిది 9 అయినా, మూడు తొమ్మిదులు కలిపిన 27 అయినా, తుస్సే.

అంతా విని పెద్దనాన్న ఒక్కటే అడిగారు. "వీడి దగ్గర సున్నాలు ఎన్నున్నాయి?"

"లేవు."

"లేకుండా ఆటకెలా కూర్చున్నావురా? అయినా వాడు వేసేదాకా ఆగకుండా అలా పారేస్తావేంటి ముక్కల్ని, ఎవరైనా తరుముతున్నారా?"

డెక్ మార్చాం. ప్రతి కార్డుకీ సీపీ ఖర్చు ఉంటుంది, పెద్ద నంబరుకి ఎక్కువ ఖర్చు. నీకున్న సీపీలో పట్టినన్ని కార్డులే డెక్‌లో పెట్టుకోవాలి. ఆ తొమ్మిదుల్లో కొన్ని తీసేస్తే ఫైర్ కార్డులకీ, క్యూర్‌కీ, సున్నాలకీ చోటు వచ్చింది. సున్నాలు డెక్ చివర్లో పెట్టించాను. కార్డులు గుండ్రంగా తిరుగుతాయి కాబట్టి, వెనక్కి తిప్పితే వెంటనే చేతికందుతాయి. మళ్లీ మొదలైంది. విక్సెన్ మూడు కార్డులు పోగేసి ఏదో పెద్దది వేయబోయాడు, మావాడి వేలు అలవాటు కొద్దీ బటన్ మీదికి పోతుంటే పెద్దనాన్న "ఆగూ" అన్నారు. ఆగాడు. విక్సెన్ స్లైట్ బయటికొచ్చింది, మావాడు సున్నా వేశాడు, అంత పెద్ద మంచు హడావుడీ ఒక్క దెబ్బకి ఆగిపోయి బాస్ తూలిపోయాడు. వెంటనే చుట్టూ పరిగెత్తి మూడు ఫైర్‌లు కలిపి ఫిరాగా అనే పెద్ద నిప్పు స్లైట్. "అద్దీ!" అని పెద్దనాన్న తొడ చరిచిన చప్పుడుకి వంటింట్లోంచి పెద్దమ్మ తొంగిచూసి, "పిల్లలక్కూడా పేకాట నేర్పిస్తున్నారా" అని ఆయన్ని ఏకిపారేసింది. ఆ తర్వాత ఇంకో ఆటలో విక్సెన్ పడిపోయాడు లెండి.

పెద్దమ్మని అనుకుని లాభం లేదు. ఆన్‌లైన్ రమ్మీ వల్ల ఎన్ని కొంపలు మునిగాయో అందరూ చూశాం. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని ఆపేశాక కూడా చాన్నాళ్లు ఫోన్ తెరిస్తే అవే యాడ్లు ఉండేవి, వాటిల్లో నవ్వుతూ హీరోలు. దాంతో స్క్రీన్ మీద ముక్క కనపడితే చాలు జూదమే అని ఫిక్సయిపోయారు ఇళ్లలో. నేను డబ్బు పెట్టి కొన్న గేమ్‌లో డబ్బు గెలిచేది లేదని చెప్తే, మా అమ్మ "మరి ఎందుకు ఆడుతున్నావ్" అని ఇంకో ప్రశ్న వేసింది. దానికి నా దగ్గర సమాధానం లేదు.

నేను చెప్పేది ఏంటంటే, ఇది కార్డులు అతికించిన యాక్షన్ గేమ్ కాదు, పరిగెత్తుతూ ఆడే కార్డుల గేమ్. ఫైట్‌లో సగం డెక్ సర్దుకునే స్క్రీన్‌లోనే అయిపోతుంది. మొదటి గేమ్‌లాగా ఒకే బటన్ బాదుదామని వచ్చినవాళ్లకే ఇది చెత్తగా కనిపిస్తుంది. స్లే ద స్పైర్ లాంటి డెక్ కూర్చుకునే గేమ్‌లు ఆడి, పనికిరాని కార్డులు తీసేస్తే డెక్ బలపడుతుందని తెలిసినవాళ్లు మాత్రం ఇందులో హాయిగా ఇమిడిపోతారు.

ఇంకో జనం ఉన్నారు, వీళ్ల మీద నాకు ఇంకా కోపం. "సోనిక్ బ్లేడ్ స్లైట్ ఒక్కటి పట్టుకుని గేమ్ మొత్తం లాగించెయ్" అని వీడియోలు పెడతారు. పని చేస్తుంది, కాదనను. డెక్ నిండా అదే కూర్చి ఒకే బటన్ నొక్కుతూ చివరి బాస్ మార్లూషియా దాకా వెళ్లొచ్చు. అలా వెళ్లి, చివర్లో "కాంబాట్ బోర్" అని రివ్యూ రాస్తారు. నీ డెక్ నువ్వే బోర్‌గా పెట్టుకుని గేమ్‌ని తిడతావేంట్రా బాబూ!

లోపాలు లేవని అనట్లేదు. కోట పదమూడు అంతస్తులు, చాలావరకు మొదటి గేమ్‌లో చూసిన లోకాలే మళ్లీ వస్తాయి, గదులన్నీ ఒకేలా ఉంటాయి. తలుపు తెరవాలంటే మ్యాప్ కార్డు వేయాలి, ఎర్ర కార్డు కావాలి, దాని మీద ఇంత నంబరు ఉండాలి అంటూ షరతులు. సరైన కార్డు లేకపోతే హార్ట్‌లెస్ అనే చిన్నాచితకా రాక్షసులతో మళ్లీ కొట్టుకోవాలి, ఇది నిజంగానే విసుగు. గేమ్‌బాయ్ వెర్షన్‌లో అంతా 2డీ కాబట్టి ఎవడు ఎక్కడున్నాడో తెలిసేది. రీమేక్‌లో కెమెరా పోయి గోడకి అతుక్కుంటుంది, ఒక వేలితో కార్డులు తిప్పుతూ ఇంకో వేలితో సోరాని పరిగెత్తించేలోపు వెనక నుంచి ఎవడో తగిలిస్తాడు. పాత గేమ్‌ని 3డీ చేస్తే చాలు బాగుపడిపోతుందనే భ్రమ ఈ రీమేక్‌లు తీసేవాళ్లందరికీ ఉంది. దాని గురించి వేరే ప్రశ్న ఎవరైనా అడిగితే అక్కడ రాస్తా.

మీరు మొదలుపెడితే, లెవెల్ పెరిగినప్పుడల్లా హెచ్‌పీ (ప్రాణం) ఒక్కటే తీసుకోకుండా సీపీ కూడా పెంచుకుంటూ వెళ్లండి. ప్రీమియం కార్డులు సీపీ తక్కువ తింటాయి కదా అని డెక్ నిండా నింపొద్దు, అవి ఒకసారి వాడితే మామూలు రీలోడ్‌తో తిరిగి రావు. సోరా కథ అయ్యాక అతని ఫ్రెండ్ రీకూ కథ తెరుచుకుంటుంది, దాన్ని మాత్రం వదలకండి. అందులో డెక్ మార్చుకునే వీలే లేదు, ఏ లోకంలో ఏ డెక్ ఇస్తే దాంతోనే నెట్టుకురావాలి. కార్డులంటే చిరాకు అన్న మీకు సోరా కథ కంటే అదే ఎక్కువ నచ్చుతుందని నా పందెం, డబ్బు పెట్టకుండా.