ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ గేముల్లో నిజమైన స్నేహితులు దొరుకుతారా?

తప్పకుండా దొరుకుతారు. కాకపోతే ఒక గిల్డ్‌లో, అంటే కలిసి ఆడే ఆటగాళ్ల బృందంలో చేరి, రోజూ ఒకే వేళకు ఆడాలి. అందరూ వచ్చేదాకా చెప్పుకునే కబుర్లలోనే సగం స్నేహం కుదురుతుంది.

నార్వేకి చెందిన మాట్స్ స్టీన్ సంగతే చూడండి. కండరాలు క్షీణించే డుషేన్ వ్యాధితో చక్రాల కుర్చీకే పరిమితమైన అతను 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'లో ఐబెలిన్ అనే పాత్రగా ఏళ్ల తరబడి ఆడాడు. పాపం, కొడుక్కి స్నేహితులే లేరని తల్లిదండ్రులు కుమిలిపోయేవారు. 2014లో, 25 ఏళ్లకే అతను చనిపోయాక, తమ కష్టాల్లో ఎలా తోడున్నాడో చెబుతూ స్టార్‌లైట్ గిల్డ్ వాళ్లు ఈమెయిళ్లు రాశారు. కొందరు వేరే దేశాల నుంచి అంత్యక్రియలకూ వచ్చారు.

కొత్తగా చేరేవాళ్లు ఇంటి అడ్రస్, డబ్బు విషయాలు మాత్రం తొందరపడి ఎవరికీ చెప్పకండి.