రాలేనందుకు అప్పు చేసి గొలుసు పంపుతావా తమ్ముడూ?

ప్రశ్న: నమస్తే సార్. మాది కడప పక్కన పల్లె. వయసు 34. కువైట్లో కంపెనీ బస్సు డ్రైవర్ని, జీతం మన డబ్బుల్లో 42 వేలు పడతాది, రూము కంపెనీదే. ఇంట్లో భార్య, ఆరేళ్ళ పాప, అమ్మానాన్న. నాన్నకు షుగర్. ఇంటికొచ్చి రెండేళ్ళాయె. లీవు ఉంది కానీ టికెట్టుకు డబ్బుల్లేక, ఓటీ చేసుకుంటే పాత అప్పు కొంచెమన్నా తగ్గుతాదని ఈ ఉగాదికి కూడా ఆగిపోయినా. మనసు బాగలేదు. అందుకే ఈసారి గట్టిగా పంపాలనుకుంటున్నా, మా ఆవిడకు తులం గొలుసు, నాన్నకు పెద్ద టీవీ, పాపకు ట్యాబు, అందరికీ బట్టలు, మొత్తం రెండున్నర లక్షలు అవుతాది. ఊర్లో ఒకాయన రెండున్నర రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడు, ప్రోనోటు నాన్న రాసిస్తే చాలంట. పోయిన సంక్రాంతికి బామ్మర్దికి బండి, ఇంటికి ఫ్రిజ్ కొన్న అప్పు ఇంకా లక్షా పదివేలు ఉంది, రెండు రూపాయల వడ్డీ. ఇంటికి నెలకు 20 వేలు పంపిస్తా, లక్ష రూపాయల చీటీకి 5 వేలు, 12 కట్టినా, ఇంకా 8 ఉన్నాయి. సేవింగ్స్ ఏం లేవు. మా ఆవిడ 'నువ్వొస్తే చాలు, ఏమొద్దు' అంటాది కానీ ఊరికే అంటాది సార్. ఎవరి దగ్గర అప్పు తీసుకుంటే మంచిదో చెప్పండి.

జవాబు: ఎవరి దగ్గరా వద్దు తమ్ముడూ. ఆ వడ్డీ ఆయన దగ్గరా వద్దు, క్రెడిట్ కార్డు మీదా వద్దు, మీ అమ్మ మెడలోది బ్యాంకులో పెట్టీ వద్దు. నీ ప్రశ్నకు జవాబు ఇంతే, ఇక్కడితో ఆపేయొచ్చు కూడా. కానీ పండుగ నెల ముందు నుంచి నాకు ఇట్లాంటి ఉత్తరాలు వస్తానే ఉంటాయి, ఊరు పేరు మారుతుంది, కువైట్ బదులు ఖతార్ ఉంటుంది, గొలుసు బదులు గాజులు ఉంటాయి, మిగతాదంతా ఒకటే. అందుకని కొంచెం గట్టిగానే చెప్తా, ఏమనుకోవద్దు.

ముందు నీ లెక్కే చూద్దాం. 42 వేలల్లో ఇంటికి 20, నీ తిండి ఫోను చిల్లర ఖర్చుకు ఒక 10 వేసుకుందాం, చీటీ 5, పాత అప్పు వడ్డీ 2,200. మిగిలేది 4,800. ఇప్పుడు రెండున్నర లక్షలకు రెండున్నర రూపాయల వడ్డీ అంటే నెలకు 6,250, అసలు కాదు, ఒట్టి వడ్డీ. అంటే మొదటి నెల నుంచే 1,450 తక్కువ పడతాది, అది యాడ నుంచి తెస్తావు, ఇంకొకాయన దగ్గరనేగా. ఏడాది తిరిగేసరికి 75 వేలు వడ్డీ కింద పోయి అసలు అట్లే కూర్చోనుంటాది, ఈలోపల ట్యాబు పాప చేతిలో ఒకసారన్నా కింద పడుంటాది. 'రెండున్నరే సార్, మూడు కాదు కదా' అంటారు మనోళ్ళు. రూపాయల్లో చెప్తే చిన్నగా వినిపిస్తుంది, అదే ఏడాదికి నూటికి ముప్పై అని చెప్తే ఎవడూ చెయ్యి చాపడు.

ఇంకొకటి, నాకు నిజంగా కోపం తెప్పించింది ఆ ప్రోనోటు సంగతి. షుగర్ ఉన్న మనిషి చేత నోటు రాయిస్తావా? నువ్వు ఉండేది కువైట్లో, వడ్డీ లేటైతే ఆ అప్పిచ్చినాయన వచ్చి నిలబడేది మీ నాన్న వాకిట్లో. పండుగకు టీవీ పంపినా అనుకుంటున్నావు గానీ నువ్వు ఇంటికి పంపేది ఆ మనిషిని.

బంగారం ఆస్తే కదా సార్ అంటావు, ఈ మాట అననోళ్ళు కడప జిల్లాలో ఉండరు, ప్రొద్దుటూరు బజారు మొత్తం ఈ మాట మీదే నడుస్తాంది. ఆస్తే, కాదనను. కానీ తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ కట్టి కొని మరుసటి రోజు అదే షాపులో అమ్మబోతే ఎంత చేతికొస్తుందో అడిగి చూడు. దాని మీద ముప్పై శాతం వడ్డీ. ఆరు నెలలు తిరక్కుండానే ఆ గొలుసు బ్యాంకు తాకట్టులో ఉంటాది, మీ ఆవిడ మెడలో ఉండదు.

సరే, డబ్బుల లెక్క పక్కన పెట్టి నువ్వు రాసిందే ఇంకోసారి చదువుకో. ఎందుకు రాలేకపోతున్నావు? లీవు ఉంది, కంపెనీ ఆపలేదు. టికెట్టుకు డబ్బుల్లేవు, పాత అప్పు తీరలేదు. ఆ పాత అప్పు ఏంది? పోయిన సంక్రాంతికి పంపిన బండి, ఫ్రిజ్. అంటే ఈ ఉగాదికి నిన్ను ఇంటికి రానీకుండా ఆపింది పోయినసారి నువ్వు పంపిన కానుకలే. ఇప్పుడు రాలేకపోయినందుకు దానికి రెండింతల అప్పు చేస్తానంటున్నావు. వచ్చే ఉగాదికి రావడానికి ఏ దారి మిగిలినట్టు?

మీ ఆవిడ ఊరికే అంటాది అని రాసినావే, ఊరికే అనదు. గల్ఫ్ ఇళ్ళ ఆడవాళ్ళు నా దగ్గరికి చాలామందే వస్తారు, డబ్బు వాళ్ళ చేతికి వస్తుంది, దాన్ని ఎట్లా సర్దుకోవాలో అడగడానికి. ఒకామె ఉగాది అయిన నాలుగో రోజు గొలుసు పట్టుకొచ్చింది, అమ్మితే ఎంతొస్తాదో చెప్పమని. ఆయన అప్పు చేసి పంపినాడని ఆమెకు పండుగ తర్వాత తెలిసిందంట. 'దేవుని కడపకు వేసుకునిపోతే అందరూ గొలుసు పట్టుకుని చూసినోళ్ళే సార్, ఆయప్ప ఎప్పుడొస్తాడు అని ఒక్కరు అడగలే' అంది. కడపోళ్ళకు చెప్పక్కర్లేదు, ఉగాది నాడు ఆ గుళ్ళో మన ముస్లింలు కూడా కొబ్బరికాయ పట్టుకుని క్యూలో ఉంటారు, బీబీ నాంచారమ్మ మా ఆడపడుచు, వెంకటేశ్వర స్వామి మా అల్లుడు అని. పండుగ పూట అల్లుడింటికి మనిషి పోవడం ముఖ్యం వాళ్ళకు, చేతిలో ఉండేది కొబ్బరికాయే.

ఇక నా పాత పాట. ఇది చదివేవాళ్ళకు ఇప్పటికే విసుగొచ్చి ఉంటుంది, అయినా పాడతా. ఎమర్జెన్సీ ఫండ్, అంటే ఆపద వస్తే తీయడానికి పక్కన పెట్టుకునే డబ్బు. నీ ఉత్తరం మొత్తంలో నన్ను భయపెట్టింది రెండున్నర లక్షలు కాదు, 'సేవింగ్స్ ఏం లేవు' అనే మూడు మాటలు. వయసైన నాన్న, షుగరు, చిన్న పిల్ల, మధ్యలో సముద్రం, చేతిలో సున్నా. రేపు రాత్రి ఫోనొస్తే టికెట్టుకు ఎవరిని అడుగుతావు? అప్పటికప్పుడు కొనే టికెట్టు ఎంత మండుతుందో నీకే తెలుసు, మళ్ళీ చెన్నైలోనో హైదరాబాదులోనో దిగి కడప దాకా రావాల.

మా మామ ఒకాయన కువైట్లో ఉండేవాడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగింది, తెల్లారేసరికి కంపెనీ లేదు, జీతం లేదు, జేబులో దినార్లు ఉన్నాయి గానీ కొనేవాడు లేడు. లక్షన్నరకు పైగా మనోళ్ళను అప్పట్లో జోర్డాన్ మీదుగా, అమ్మాన్ నుంచి విమానాల్లో తెచ్చినారు, ఆయనా అట్లనే ఒక్క బ్యాగుతో వచ్చినాడు. వచ్చిన రోజు మా అత్త ఏడ్చింది చూడు, మనిషి వచ్చినాడు అంతే చాలు అని. రెండు నెలలు గడిచినాయి. ఇంట్లో ఏముంది? ఆయన పండుగ పండుగకూ పంపిన ప్యానసోనిక్ టూ ఇన్ వన్ (రేడియో, టేప్ రికార్డరు కలిసి ఉండేది), గోడ గడియారం, పెట్టె నిండా సెంటు సీసాలు. ఆ టూ ఇన్ వన్ గుడ్డలో చుట్టి టౌనుకు తీసుకుపోయి అమ్ముకొచ్చిన డబ్బులతో మూడు వారాలు తిన్నారు. తర్వాత ఇంట్లో రోజూ గొడవే, ఆఖరికి ఆయన ఇంకో అప్పు చేసి వీసా కొనుక్కుని మళ్ళీ పోయినాడు. అందుకే మనిషి ఇంట్లో ఉంటే చాలు అనే మాట నేను నమ్ముతా కానీ ఆర్నెల్ల ఖర్చు పక్కన ఉంటేనే నమ్ముతా.

నీకు ఎంత కావాలంటే, ఇంటి ఖర్చు ఆరు నెలలకు లక్షా ఇరవై వేలు, దానికి పైన టికెట్టు డబ్బు అని విడిగా 40 వేలు. ఈ 40 వేలు ముందు. తర్వాతే మిగతావన్నీ.

అది ఎవరి అకౌంట్లో పెట్టాలి అనేది కూడా చెప్పాల, ఎందుకంటే గల్ఫ్ ఇళ్ళల్లో అందరూ ఇక్కడే తప్పు చేస్తారు. కష్టం వచ్చేది ఇక్కడ, ఓటీపీ పోయేది అక్కడికి. నాకు తెలిసిన ఇంట్లో పెద్దాయనకు రాత్రి పదకొండుకు గుండె నొప్పి, హాస్పిటల్లో ముందు 50 వేలు కట్టమన్నారు, కొడుకు అకౌంట్లో డబ్బు ఉంది, కానీ ఫోన్ డ్యూటీలో లాకర్లో పెట్టుంది, కోడలు కౌంటర్ దగ్గర నిలబడి నలభైసార్లు రింగ్ చేసింది. చివరికి పక్క బెడ్డు పేషెంటు అన్న కట్టినాడు, ఎవరో ఏమో. గవర్నమెంటు ఆరోగ్య కార్డు ఉంది కదా అంటారు, కార్డు ఉన్నా చేతిలో నోట్లు లేకపోతే ఆ రాత్రి గడవదు. కాబట్టి ఆ 40 వేలు, తర్వాత చేరే డబ్బు, మీ ఆవిడ పేరు మీద మామూలు సేవింగ్స్ అకౌంట్లో, ఏటీఎం కార్డు ఆమె దగ్గర, పిన్ ఆమెకు తెలిసి. ఎఫ్డీలు వాటిల్లోకి కొంత వేసుకుంటారా వేసుకోండి, అది తర్వాత సంగతి.

ఇప్పుడు ఆ 40 వేలు ఎక్కడివి అంటే నీ చీటీ. ఈ నెల పాడుకో. ఓ ఎనిమిది వేలు పాటలో పోయినా 92 వేలు చేతికొస్తుంది. అందులో 40 టికెట్టు డబ్బు కింద మీ ఆవిడ అకౌంట్లోకి, మిగతా 52 పాత అప్పు అసలులో కట్టేయి. అప్పు ఉండగా డబ్బు పక్కన పెట్టడం ఏంది సార్, మొత్తం అప్పుకే కట్టొచ్చు కదా అని లెక్కల మాస్టర్లు అంటారు, లెక్క ప్రకారం కరెక్టే, కానీ చేతిలో సున్నా పెట్టుకుని అప్పు తీర్చినోడు మొదటి జ్వరానికే మళ్ళీ ఆ వడ్డీ ఆయన దగ్గరికే పోతాడు, నేను చూసినా. అప్పు 58 వేలకు దిగుతుంది. అప్పటి నుంచి వడ్డీకి పోయే 2,200, మిగిలే 4,800, కలిపి నెలకు 7 వేలు దానికే కట్టుకుంటా పో. ఎనిమిది నెలలకు చీటీ అయిపోతుంది, తొమ్మిదో నెలకు అప్పు సున్నా. ఓటీ డబ్బులు వస్తే ఇంకా ముందే. పదో నెల నుంచి నెలకు 12 వేలు నీవి, అంటే వచ్చే ఉగాది లోపల 36 వేలు, రానూపోనూ టికెట్టు దాంట్లోనే చూసుకో, పక్కన పెట్టిన 40 ముట్టుకోకు. చీటీ రిజిస్టర్డ్‌దా ఊర్లో నోటిమాటదా నువ్వు రాయలేదు, నోటిమాటదైతే ఇంకా తొందరగా ఎత్తుకో.

ఇన్సూరెన్స్ ఒక్క ముక్క. పోయేటప్పుడు ప్రవాసీ భారతీయ బీమా యోజన తీసుకునే ఉంటావు, 10 లక్షలది, అది రెండేళ్ళకో మూడేళ్ళకో అయిపోతుంది, చాలామంది రెన్యూవల్ మర్చిపోతారు, ఈ రోజే చూసుకో. ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి (ప్రాణానికి), 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాదానికి), ఈ బ్యాంకు బీమాలు రెండూ ఆటో డెబిట్ పెట్టుకో. అప్పు తీరినాక మంచి టర్మ్ పాలసీ. సిప్పులు (నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో వేసేవి), గోల్డ్ స్కీములు ఇప్పుడు నీకు అనవసరం.

ఉగాదికి అసలేం పంపొద్దా అంటే, ఒక మూడు వేలు పంపు, పాపకు గౌను, అందరికీ ఓళిగలకు బెల్లం పప్పు నెయ్యి. నువ్వు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది, దానికి డబ్బులు పడవు. కువైట్లో టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఇక్కడ తొమ్మిదికి మీ అమ్మ ఉగాది పచ్చడి గిన్నె దించేటప్పుడు నీకు ఆరున్నర, సరిగ్గా నీ షిఫ్టు ట్రిప్పు టైము. రెండేళ్ళుగా ఆ పూట నువ్వు స్టీరింగ్ మీద ఉంటావు, సాయంత్రం ఫోన్ చేస్తావు, అప్పటికి ఇంట్లో అందరూ అలిసిపోయి ఉంటారు, పాప నిద్రపోయుంటాది. ఇప్పటి నుంచే సూపర్‌వైజర్‌ని అడిగి ఆ ఒక్క ట్రిప్పు మార్చుకో, నీ పక్క డ్రైవర్‌కు వాళ్ళ రంజాన్‌కో ఓనంకో నువ్వు తిరిగి చెయ్యొచ్చు. ఇక్కడ ఫోను చెంబుకు ఆనించి పెట్టమని మీ ఆవిడకు చెప్పు. పచ్చడి ఎట్లుందో పాపను అడుగు, వేపపూత చేదు తగిలినప్పుడు దాని ముఖం చూడు.

అప్పు సంగతి మాత్రం ఈ రోజే తేల్చు. ఆ వడ్డీ ఆయనకు నువ్వే ఫోన్ చేసి వద్దని చెప్పు, నాన్నతో చెప్పించకు. చీటీ పాట ఏ తారీఖో కనుక్కో. పండుగ దాటిన వారంలో మీ వైపు నుంచి ఎవడో ఒకడు కువైట్ విమానం ఎక్కుతాడు, ఎక్కకుండా ఉండే వారమే లేదు, ఓళిగలు డబ్బాలో పెట్టి పంపమని మీ ఆవిడకు చెప్పు.